పెట్టెను నమ్మక్కర్లేని రహస్యం

2025లో అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి ప్రకటనలు వచ్చినప్పటి నుంచి మన క్యాంపస్‌లో "క్వాంటమ్" అనే మాట లేని పోస్టర్ కనిపించడం కష్టమైపోయింది. ఆ మాటతో పాటు ఒక వాక్యం కూడా నోటి నుంచి నోటికి తిరుగుతోంది: "ఎంటాంగిల్‌మెంట్‌లో మెసేజ్ కాంతి కన్నా స్పీడ్‌గా వెళ్తుంది, అందుకే హ్యాకర్‌కి దొరకదు." వినడానికి సినిమా డైలాగులా బాగుంటుంది. కానీ రెండు ముక్కలూ తప్పే. ఎంటాంగిల్‌మెంట్‌తో మెసేజ్ పంపలేం. హ్యాకర్‌కి దొరకకపోవడానికీ, స్పీడ్‌కీ సంబంధం లేదు.

మరి క్రిప్టోగ్రఫీలో దానికేం పని? దాని పని సాక్ష్యం చెప్పడం. "మీ ఇద్దరి దగ్గరున్న ఈ రహస్యం మూడో మనిషికి తెలియదు" అని చెప్పే సాక్ష్యం. విచిత్రం ఏంటంటే, మన చేతిలో ఉన్న మెషీన్ ఎవరు తయారు చేశారో తెలియకపోయినా, చివరికి శత్రువే తయారు చేసి ఇచ్చినా, ఆ సాక్ష్యం చెల్లుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది అంతా ఇదే. ఈక్వేషన్లకు భయపడక్కర్లేదు, ఎక్సార్ గేట్ గుర్తుంటే చాలు.

అసలు కష్టం కీ దగ్గరే

మన టెక్స్ట్‌బుక్‌లో ఎప్పుడూ ఆలిస్, బాబ్ మాట్లాడుకుంటారు, ఈవ్ చాటుగా వింటుంది. ఇక్కడ వాళ్లకి అనిత, బాలు, ఈశ్వర్ అని పేర్లు పెట్టుకుందాం. ఈశ్వర్ మన విలన్.

అనితకి, బాలుకి ఒకే ర్యాండమ్ బిట్ల వరుస ముందే ఉంటే పని సులువు. మెసేజ్‌ని ఆ వరుసతో ఎక్సార్ చేసి పంపుతుంది, అటువైపు బాలు మళ్లీ ఎక్సార్ చేసుకుంటాడు. దీన్నే వన్ టైమ్ ప్యాడ్ అంటారు. కీ మెసేజ్ అంత పొడవుండి, నిజంగా ర్యాండమ్‌గా ఉండి, ఒక్కసారే వాడితే దాన్ని ఎంత పెద్ద కంప్యూటర్ కూడా పగలగొట్టలేదని క్లాడ్ షానన్ 1949లో వేసిన పేపర్‌లో నిరూపించాడు.

సమస్య అల్లా ఆ కీ ఇద్దరి దగ్గరికీ ఎలా చేరుతుంది అన్నదే. ఇప్పుడు మనం ఆర్‌ఎస్‌ఏ, డిఫీ-హెల్‌మన్ లాంటివి వాడుతున్నాం. అవి కొన్ని లెక్కలు చేయడం చాలా కష్టం అన్న నమ్మకం మీద నిలబడ్డాయి. 1994లో పీటర్ షోర్ ఒక అల్గారిథం రాసి, తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఆ లెక్కలు కష్టం కాదని చూపించాడు. అంత పెద్దది ఇంకా రాలేదు. కానీ ఈశ్వర్‌కి తొందరేం లేదు. ఈరోజు మన ట్రాఫిక్ అంతా రికార్డ్ చేసి పెట్టుకుని, మెషీన్ వచ్చాక తీరిగ్గా విప్పుకుంటాడు. మెడికల్ రికార్డులు, ఆధార్ లాంటి వివరాలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా మనవే కదా.

బెంగళూరులో చదివిన పేపర్

క్వాంటమ్ క్రిప్టోగ్రఫీలో మొదటి పెద్ద పేపర్ ఎక్కడ బయటికి వచ్చిందో తెలుసా? మన పక్కనే, బెంగళూరులో. 1984 డిసెంబర్‌లో అక్కడ జరిగిన ఒక ఐఈఈఈ కాన్ఫరెన్స్‌లో చార్ల్స్ బెన్నెట్, గిల్స్ బ్రసార్ తమ పద్ధతిని వివరించారు. వాళ్ల ఇంటిపేర్లు, ఆ ఏడాది కలిపి దాన్ని బీబీ84 అంటున్నాం.

పద్ధతి ఇది. అనిత ఒక్కొక్క ఫోటాన్‌ని ఒక్కో బిట్‌గా పంపుతుంది. బిట్‌ని ఫోటాన్ పోలరైజేషన్‌లో రాస్తుంది. రాయడానికి రెండు రకాల కోణాలున్నాయి: నిలువు-అడ్డం ఒక జత, ఐమూలగా ఉండేవి ఇంకో జత. ఏ జతలో రాస్తోందో ప్రతిసారీ బొమ్మా బొరుసూ వేసి ఎంచుకుంటుంది. బాలు కూడా అలాగే ఊహించి కొలుస్తాడు. తర్వాత ఇద్దరూ ఫోన్‌లో బిట్లు చెప్పుకోకుండా ఏ జత వాడారో మాత్రం చెప్పుకుని, కలిసినవి ఉంచుకుంటారు.

మధ్యలో ఈశ్వర్ ఫోటాన్‌ని పట్టుకుని కొలిచి, కొత్తది పంపితే? సగం సార్లు తప్పు జత ఎంచుకుంటాడు. అలా ఎంచుకున్నప్పుడు ఫోటాన్‌లో అసలు రాత చెరిగిపోతుంది. మొత్తం మీద ఉంచుకున్న బిట్లలో 25 శాతం తేడా కొడతాయి. కొన్ని బిట్లు బయటపెట్టి పోల్చి చూసుకుంటే దొంగ దొరికిపోతాడు. కొలవకుండా కాపీ తీసుకుందామంటే, తెలియని క్వాంటమ్ స్థితిని కాపీ చేయడం కుదరదని 1982లోనే నిరూపించారు.

గమనించారా, ఇందులో ఎంటాంగిల్‌మెంట్ ఎక్కడా లేదు! అంటే క్వాంటమ్ క్రిప్టోగ్రఫీకి అది తప్పనిసరి కాదు. బీబీ84లో కష్టం వేరే చోట ఉంది. అనిత పెట్టె ఒక్కోసారి నిజంగా ఒక్క ఫోటానే పంపుతోందని నమ్మాలి. బాలు డిటెక్టర్ పుస్తకంలో రాసినట్టే పనిచేస్తోందని నమ్మాలి. 2010లో కొందరు పరిశోధకులు మార్కెట్లో అమ్ముతున్న సిస్టమ్స్ మీదే ప్రయోగం చేశారు. డిటెక్టర్ మీదకి బలమైన వెలుతురు కొట్టి దాని కళ్లు మూసేసి, తర్వాత తమకి కావలసినప్పుడే అది క్లిక్ అయ్యేలా చేశారు. కీ మొత్తం వాళ్ల చేతికి వచ్చింది, ఎక్కడా తేడా కనబడలేదు. థియరీకి ఏమీ కాలేదు, మెషీన్ మోసపోయింది. ఆ ఒక్క దాడికి విరుగుడు కనిపెట్టొచ్చు. తర్వాతి దాడి ఏ వైపు నుంచి వస్తుందో ఎవరికి తెలుసు?

ముడి అంటే ఏంటి

ఎంటాంగిల్‌మెంట్ అనే పేరు 1935లో ష్రోడింగర్ పెట్టాడు. జర్మన్‌లో ఆయన వాడిన మాట వెర్‌ష్రెంకుంగ్. చేతులు కట్టుకుని నిలబడ్డాడు అనడానికి కూడా ఆ భాషలో ఆ మాటే వాడతారట. తెలుగులో "చిక్కు" అంటే జుట్టు చిక్కు గుర్తొస్తుంది, గందరగోళం అనే అర్థం వస్తుంది. నాకైతే "ముడి" బాగుందనిపిస్తుంది. పెళ్లిలో కొంగుకి, కండువాకి వేసే బ్రహ్మముడి లాంటిది.

ముడిపడిన రెండు ఫోటాన్లలో ఒకటి అనితకి, ఒకటి బాలుకి వెళ్తుంది అనుకుందాం. ఇద్దరూ ఒకే కోణంలో కొలిస్తే ఇద్దరికీ ఒకటే జవాబు వస్తుంది. సున్నా అయితే ఇద్దరికీ సున్నా, ఒకటి అయితే ఇద్దరికీ ఒకటి. ఏది వస్తుందో ముందు ఎవరూ చెప్పలేరు.

"ఇందులో వింతేముంది?" అని అడగొచ్చు. ఒక జత చెప్పుల్లో ఒకటి గుంటూరుకి, ఒకటి వరంగల్‌కి పార్సిల్ చేస్తే, గుంటూరులో డబ్బా తెరిచి కుడికాలి చెప్పు చూసినవాడికి వరంగల్‌లో ఉన్నది ఎడమకాలిదని తెలిసిపోతుంది. దానికి క్వాంటమ్ ఎందుకు? ఇది మంచి ప్రశ్న. 1935లో ఐన్‌స్టైన్, పొడోల్‌స్కీ, రోసెన్ రాసిన పేపర్ సారం కూడా దాదాపు ఇదే: జవాబు ముందే లోపల రాసి ఉండాలి, మీ థియరీకి అది కనిపించడం లేదంతే.

జవాబు ముందే రాసి ఉంటే మాత్రం క్రిప్టోగ్రఫీకి అది పనికిరాదు. ఎక్కడో రాసి ఉందంటే ఈశ్వర్ దాన్ని చదివి ఉండొచ్చు. డబ్బాలో చెప్పు పెట్టినవాడే ఈశ్వర్ అయ్యుండొచ్చు. కాబట్టి మనకి కావలసింది ఒకటే, జవాబు ముందే రాసి లేదని నిరూపించే పరీక్ష. ఆ పరీక్షని జాన్ బెల్ 1964లో ఇచ్చాడు. దాన్ని 1969లో క్లౌజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ అనే నలుగురు ల్యాబ్‌లో చేయగలిగేలా మార్చారు.

నాలుగింట మూడు

ఆ పరీక్షని ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఒక ఆటలా చెబుతారు. అనిత, బాలు వేరు వేరు గదుల్లో ఉంటారు. మాట్లాడుకోకూడదు. అంపైర్ ఒక్కొక్కరికి ర్యాండమ్‌గా 0 లేదా 1 అనే ప్రశ్న ఇస్తాడు. ఒక్కొక్కరు 0 లేదా 1 అని జవాబివ్వాలి. రూల్ ఏంటంటే, ఇద్దరికీ 1 ప్రశ్న వస్తే జవాబులు వేరుగా ఉండాలి. మిగతా మూడు సందర్భాల్లో జవాబులు ఒకటే ఉండాలి. ఆట మొదలయ్యే ముందు ఎంతసేపైనా కూర్చుని ప్లాన్ వేసుకోవచ్చు.

సులువైన ప్లాన్: ఇద్దరూ ఎప్పుడూ 0 అనడం. అప్పుడు నాలుగింట మూడు గెలుస్తారు, అంటే 75 శాతం. ఇంతకన్నా మంచి ప్లాన్ ఉందా? లేదు, దాని నిరూపణ రెండు నిమిషాల పని. అనితకి 0 వస్తే చెప్పే జవాబు అ0, 1 వస్తే చెప్పేది అ1. బాలుకి అలాగే బ0, బ1. నాలుగు సందర్భాల్లోనూ గెలవాలంటే, అ0 ఎక్సార్ బ0 సున్నా, అ0 ఎక్సార్ బ1 సున్నా, అ1 ఎక్సార్ బ0 సున్నా, అ1 ఎక్సార్ బ1 ఒకటి కావాలి. ఈ నాలుగింటినీ కలిపి ఎక్సార్ చేయండి. ఎడమవైపు ప్రతి అక్షరం రెండేసిసార్లు వస్తుంది కాబట్టి అన్నీ కొట్టుకుపోయి సున్నా మిగులుతుంది. కుడివైపు ఒకటి వస్తుంది. సున్నా ఒకటికి సమానం అవదు కదా, అందుకే కనీసం ఒక్క సందర్భంలో ఓడిపోక తప్పదు. ప్లాన్‌లో ర్యాండమ్ నంబర్లు కలిపినా అంతే, 75 దాటని ప్లాన్‌ల సగటు కూడా 75 దాటదు.

మా రూమ్మేట్, నేను హాస్టల్లో రెండు గదుల్లో కూర్చుని దీన్ని ఆడి చూశాం. కాసేపు లక్ కలిసొచ్చి పైకి వెళ్తుంది. రౌండ్లు పెరిగే కొద్దీ మళ్లీ 75 దగ్గరికే దిగుతుంది.

ఇప్పుడు ఇద్దరి దగ్గరా ముడిపడిన ఫోటాన్లు ఉన్నాయనుకోండి. అనిత ప్రశ్న 0 అయితే 0 డిగ్రీల దగ్గర, 1 అయితే 45 డిగ్రీల దగ్గర కొలుస్తుంది. బాలు 0కి 22.5 డిగ్రీలు, 1కి మైనస్ 22.5 డిగ్రీలు. ఇద్దరి కోణాల మధ్య తేడా ఎంతుందో దాని కొసైన్ స్క్వేర్ ఎంతో, జవాబులు కలిసే అవకాశం అంత. మొదటి మూడు సందర్భాల్లో తేడా 22.5 డిగ్రీలే, కాబట్టి దాదాపు 85.4 శాతం కలుస్తాయి. ఇద్దరికీ 1 వస్తే తేడా 67.5 డిగ్రీలు, దాదాపు 85.4 శాతం విడిపోతాయి. మొత్తం గెలుపు 85.4 శాతం!

ఈ పది శాతం తేడాలోనే కథంతా ఉంది. జవాబులు ముందే రాసి ఉంటే 75 దాటడం అసాధ్యం. 75 దాటారంటే జవాబులు ముందు ఎక్కడా రాసి లేవు. ల్యాబ్‌ల్లో ఇది పదే పదే దాటింది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో, సాకులకి సందివ్వకుండా దాటి చూపించారు. ఈ దారిలో దశాబ్దాలు పనిచేసిన క్లౌజర్, అలెన్ ఆస్పే, యాంటన్ జైలింగర్‌లకి 2022లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

పరీక్షే కాపలా

1991లో ఆక్స్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఆర్టర్ ఎకర్ట్‌కి ఒక ఆలోచన వచ్చింది. అప్పటిదాకా బెల్ పరీక్ష అంటే ఐన్‌స్టైన్ రైటా రాంగా అనే చర్చ. ఎకర్ట్ దాన్ని సెక్యూరిటీ చెక్‌గా చూశాడు. జవాబు ముందే ఎక్కడా రాసి లేకపోతే, ఈశ్వర్ దగ్గర కాపీ ఉండే ప్రసక్తే లేదు కదా!

ఆయన పద్ధతి సారం ఇది. ముడిపడిన జతలు ఒక్కొక్కటీ వస్తుంటాయి. ఇద్దరూ ర్యాండమ్‌గా కోణాలు ఎంచుకుని కొలుస్తారు. తర్వాత కోణాలు బయటపెట్టుకుంటారు. ఇద్దరూ ఒకే కోణం వాడిన రౌండ్లలో జవాబులు ఒకటే కాబట్టి, అవి కీ అవుతాయి. వేరు కోణాల రౌండ్లతో ఆట స్కోరు లెక్కేస్తారు. స్కోరు 85 దగ్గరుంటే ఈశ్వర్‌కి ఏమీ తెలియదు. 75కి దిగిపోతే కీ పారేసి మళ్లీ మొదలు. మధ్యలో ఉంటే, ఈశ్వర్‌కి గరిష్ఠంగా ఎంత తెలిసి ఉండొచ్చో లెక్కకట్టి, కీని హ్యాష్ చేసి, అంత మేరకు కుదించేస్తారు.

ముడికి ఇంకో గుణం ఉంది. రెండు ఫోటాన్లు పూర్తిగా ముడిపడితే వాటిలో ఏదీ మూడో దానితో ముడిపడలేదు. ఫిజిక్స్ వాళ్లు దీన్ని మోనోగమీ అంటారు, అంటే మన ఏకపత్నీవ్రతం. ఈశ్వర్ తన ఫోటాన్‌ని మధ్యలో దూర్చాలని చూస్తే అనిత, బాలుల ముడి వదులవుతుంది, స్కోరు పడిపోతుంది.

కీ అనిత నుంచి బాలుకి "వెళ్లలేదు" అన్నది కూడా గమనించండి. కొలిచే వరకూ అది లేనే లేదు. ఏ జవాబు రావాలో అనిత ఎంచుకోలేదు కాబట్టి తన మాటని అందులో పెట్టి పంపలేదు. మెసేజ్ ఎప్పటిలాగే ఇంటర్నెట్‌లోనే వెళ్తుంది.

శాటిలైట్‌కి కూడా తెలియని కీ

ఇది కాగితం మీద బాగుంది, బయట ఎలా ఉంటుంది? చైనా 2016 ఆగస్టులో మిషియస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. 2017లో బీజింగ్‌కీ వియన్నాకీ మధ్య వీడియో కాల్‌కి అది కీలు అందించింది. కానీ అక్కడ ఉపగ్రహం నమ్మకమైన మధ్యవర్తి. రెండు వైపుల కీలూ దానికి తెలుసు. దాన్ని ఎవడైనా హ్యాక్ చేస్తే అంతా పోయినట్టే.

2020లో ప్రచురించిన ప్రయోగంలో అదే ఉపగ్రహం ముడిపడిన జతలు తయారుచేసి 1,120 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు అబ్జర్వేటరీలకి ఒక్కో ఫోటాన్ చొప్పున కిందికి పంపింది. ఈసారి కీ ఏంటో ఉపగ్రహానికే తెలియదు. ఫోటాన్లు చేసింది అదే అయినా! స్పీడ్ ఎంతంటే సెకనుకి 0.12 బిట్లు. అంటే ఒక్క బిట్‌కి ఎనిమిది సెకన్లకు పైనే. నవ్వొచ్చే స్పీడే. అయినా మధ్యవర్తిని నమ్మే అవసరం తీరిపోయింది. కింద డిటెక్టర్లని మాత్రం ఇంకా నమ్మాల్సిందే.

ఆ చివరి నమ్మకాన్ని కూడా తీసేయడానికి ఒక పెద్ద అడ్డు ఉంది. ఫైబర్‌లో ఫోటాన్లు చాలా పోతాయి. శత్రువు చేసిన పెట్టె తనకి ఇబ్బందైన ప్రశ్న వచ్చినప్పుడల్లా "ఫోటాన్ దారిలో పోయింది సార్" అని అబద్ధం చెప్పి, గెలిచే రౌండ్లకి మాత్రమే జవాబిచ్చి, స్కోరు దొంగగా పెంచొచ్చు. అందుకని ప్రతి రౌండ్‌లోనూ జవాబు ఇచ్చి తీరాలని రూల్ పెట్టాలి. 2022లో ఆక్స్‌ఫర్డ్ ల్యాబ్ దాన్ని సాధించింది. రెండు మీటర్ల దూరంలో రెండు స్ట్రాన్షియం అయాన్లని ముడిపెట్టి, ఎనిమిది గంటల్లో 15 లక్షల జతలతో సుమారు 95 వేల బిట్ల కీ తయారుచేశారు. పెట్టెల లోపల ఏముందో నమ్మకుండా, కేవలం స్కోరు చూసి. అదే ఏడాది మ్యూనిక్ వాళ్లు 400 మీటర్ల దూరంలో ఉన్న రెండు పరమాణువులతో, కీ తీయడానికి సరిపోయేంత స్కోరు చూపించారు.

మన దేశంలో 2022 జనవరిలో ఇస్రో, ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు అహ్మదాబాద్‌లో 300 మీటర్ల దూరంలో ఉన్న రెండు భవనాల మధ్య గాలిలో ఎంటాంగిల్‌మెంట్‌తో కీ పంచారు. 2025 జూన్‌లో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ క్యాంపస్‌లో కిలోమీటరు పైన, సెకనుకి దాదాపు 240 బిట్ల చొప్పున చేసి చూపించాయి. 2023లో సుమారు 6,000 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్ లక్ష్యాల్లో, దేశంలో 2,000 కిలోమీటర్ల దూరానికి ఉపగ్రహంతో సురక్షిత సంభాషణ ఒకటి.

గొప్పలు చెప్పుకునే ముందు

"పగలగొట్టలేనిది" అని ఎవరైనా అంటే మూడు షరతులు గుర్తు చేయండి. ఒకటి, అవతల ఉన్నది నిజంగా బాలూనే అని అనితకి తెలియాలి. దానికి ముందే కొంచెం కీ కానీ, డిజిటల్ సంతకం కానీ కావాలి. ముడి ఆ పని చేయదు. రెండు, ప్రశ్నలు నిజంగా ర్యాండమ్‌గా ఉండాలి. ఏ ప్రశ్న వస్తుందో పెట్టెకి ముందే తెలిస్తే ఆట అయిపోయినట్టే. మూడు, గదిలోంచి సమాచారం దొంగచాటుగా బయటికి పోకూడదు. కీని స్టిక్కీ నోట్ మీద రాసి మానిటర్‌కి అంటిస్తే బెల్ కాదు, దేవుడు కూడా కాపాడలేడు.

ఖర్చు, దూరం, స్పీడ్ సమస్యలు ఎలాగూ ఉన్నాయి. అందుకే అమెరికాలో ఎన్‌ఎస్‌ఏ తమ జాతీయ భద్రతా వ్యవస్థలకి ఈ పద్ధతిని సిఫారసు చేయడం లేదు. క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా కష్టంగా ఉంటాయనుకునే కొత్త లెక్కల వైపు మొగ్గింది. ఆ లెక్కల మీద కట్టిన మొదటి స్టాండర్డ్స్‌ని నిస్ట్ 2024 ఆగస్టులో విడుదల చేసింది. మనం ఉద్యోగాల్లో చేరాక ముందు చేతికొచ్చేది బహుశా అవే. నా అభిప్రాయంలో రెండూ కావాలి. ఆ లెక్కలు కష్టం అని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు, నమ్ముతున్నాం అంతే. 75 శాతం గీతని మాత్రం మనం ఇందాక ఎక్సార్‌తో నిరూపించుకున్నాం.

మన ఫోన్ ఎక్కడో తయారవుతుంది, చిప్ ఇంకెక్కడో, దాని లోపల ఏముందో విప్పి చూసే దారి మనకి లేదు. సెక్యూరిటీ అంటే ఎవరో ఒకర్ని నమ్మడమే అని అలవాటుపడిపోయాం. పెట్టె విప్పకుండానే, దాన్ని ప్రశ్నలడిగి, జవాబుల స్కోరు చూసి నిజాయితీ తేల్చొచ్చు అన్నది ఫిజిక్స్ మన కంప్యూటర్ సైన్స్‌కి ఇచ్చిన పెద్ద కానుక అని నేననుకుంటాను.

ఈ వారం ల్యాబ్‌లో ఖాళీ దొరికితే ఆ ఆటని పైథాన్‌లో రాయండి. ఇరవై లైన్లు పట్టదు. అనితకి ఒక ఫంక్షన్, బాలుకి ఒక ఫంక్షన్, లక్ష రౌండ్లు. మీకు తోచిన ప్లాన్లన్నీ పెట్టి చూడండి. స్కోరు 80 వస్తే సంబరపడకండి, ఒక ఫంక్షన్ ఇంకోదాని ప్రశ్నని ఎక్కడో చాటుగా చూస్తోంది. ముందు ఆ లైన్ వెతకండి.